గంగమ్మ గోడకు పట్టిన బూజు

శ్రావణ శుద్ధ సప్తమి, గురువారం

గోడ: బాగా చెమర్చింది. చెంబు సగానికి వచ్చింది.
గాలి: మామూలు.
మనుషులు: ఇద్దరం. సుంకులు దగ్గుతోంది.

ఎండకు తాళలేక నేల కింద తొలుచుకున్న ఈ కింది ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒకరు ఈ మూడు సంగతులూ రోజూ రాయాలి. మా ఇంట్లో నేను. ఇన్నాళ్ళూ మూడు ముక్కలు రాసి మూసేసేవాణ్ణి. ఈ రోజు ఇంకాస్త రాయాలనిపించింది. నోటితో చెప్పుకోవడం నాకు చేతకాదు.

తెల్లారేసరికి పైకి పోయి గోంగూర మడి తడిపి వచ్చాను. పొద్దు కొండ దాటకముందే దిగిపోవాలి. నిన్న ఎవరో ఆలస్యం చేసినట్టున్నారు, ఒక చెప్పు కరిగి బండకు అతుక్కుని ఉంది.

నేను వచ్చేసరికి సుంకులు గోడ కింద చెంబు మారుస్తోంది. మా ఆవిడ. పేరు సుంకులమ్మ, నేను సుంకులు అంటాను.

"రాసినావా?" అంది.

"రాసినా."

"నా దగ్గు రాసినావా?"

నేను పుస్తకం మూసేశాను.

"రాసినావు. నీ మొగం చూస్తే తెలీదా? నీకు పెండ్లాం కావాల్నా, రూలు కావాల్నా? అమావాస్యకు డాక్టరమ్మ వస్తాది, మెరకకు తోలుతాది. అప్పుడు నువ్వే వండుకో, నువ్వే తిను, నువ్వే..."

మిగతాది దగ్గులో పోయింది. గోడ పట్టుకుని వంగిపోయింది. వీపు నిమిరాను.

మెరక అంటే పై అరలు. పై నేలకు దగ్గర, ఎండ వేడి దిగే చోటు. అంటుదగ్గు వచ్చిన ఏడాది ఈ ఊళ్ళో ఇంటికొకరు పోయారు. అప్పట్నుంచీ అమావాస్య పరీక్ష పెట్టారు. ఆ రోజుకి దగ్గు తగ్గనివాళ్ళను మెరకలో పెట్టి బయట గడియ వేస్తారు, ఇంకొకరికి అంటకుండా. పడుచువాళ్ళు కొందరు తిరిగి దిగారు. సుంకులు వయసువాళ్ళు ఎవరూ దిగలేదు.

శుద్ధ అష్టమి, శుక్రవారం

గోడ: చెమర్చింది.
గాలి: బరువుగా ఉంది.
మనుషులు: మా వరస ఇళ్ళ ఆడవాళ్ళందరూ మా ఇంట్లోనే ఉన్నారు.

గంగమ్మకు చీర కట్టే రోజు. నేను గుమ్మం బయట కూర్చున్నాను.

నాపరాయిలో తొలిచిన ఇళ్ళు ఇవి. మిగతా ఇళ్ళ గోడలన్నీ పొడి. తాగే నీళ్ళు కొలిచి పోస్తారు. స్నానం వారానికి ఒక్కటి. అలాంటి చోట మా పడమటి గోడ ఒక్కటే తనంతట తాను నీళ్ళిస్తుంది. మేము ఈ ఇంట్లో దిగిన ఏడే మొదలైంది. అందరూ గంగమ్మ అన్నారు, పసుపు పూశారు. ఏటా శ్రావణంలో కొత్త చీర కడతారు. పాత చీర తీయరు, దాని మీదే కట్టేస్తారు. అమ్మ ఒంటి మీది గుడ్డ తీయకూడదట. గాలి తగిలితే చెమ్మ ఆరిపోతుందని గాలి కిటికీకి బొంత బిగించారు. అది కూడా ఆ ఏడే.

చెంబులో నీళ్ళు సుంకులు తన చేత్తో చెంచాడు చొప్పున పోస్తుంది. పురిటి పిల్లలకు, పెళ్ళి కూతుళ్ళకు, కొత్త కుండలకు. పోసేటప్పుడు దాని మొహం చూడాలి. వరసంతా వచ్చి దాని ముందు చెయ్యి చాపుతారు కదా.

ఈ ఏడు సుంకులు పాడుతున్న అమ్మ పాట సగంలో ఆగిపోయింది. దగ్గు. పక్కింటి తులశమ్మ అందుకుని పాడింది. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పోయేటప్పుడు ఇద్దరు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

శుద్ధ నవమి, శనివారం

గోడ: చెంబు నిండి పొర్లింది. శనివారం ఎప్పుడూ అంతే. శనివారం అమ్మకు ఇష్టమైన వారమని ఆడవాళ్ళంటారు.
గాలి: అదే.
మనుషులు: సుంకులు కూర్చునే పడుకుంది. పడుకుంటే ఊపిరి పిల్లనగ్రోవిలా కూస్తోంది.

శుద్ధ దశమి, ఆదివారం

ఆవలి వరసలో సుంకులు చెల్లెలు ఈరమ్మ ఉంది. ఈరమ్మ కోడలు ప్రసవించింది. సుంకులు గంగమ్మ నీళ్ళ సీసా పట్టుకుని పోయింది. పున్నమి దాకా రాదు. తలుపు దగ్గర ఆగి నాకు చెప్పిన మాటలు: పచ్చడి మూత సరిగ్గా పెట్టు, దీపం చిన్నది చెయ్యి, నాలుగు మాటలు నాకోసమైనా మిగుల్చుకో.

ఎగతాళి అది. నాకు నవ్వొచ్చింది, నవ్వేలోపల పోయింది.

శుద్ధ త్రయోదశి, బుధవారం

గోడ: చెమర్చింది.
గాలి: బరువు. నాకూ కళ్ళు నీరు కారుతున్నాయి.
మనుషులు: ఒక్కణ్ణి.

ఈరమ్మ ఇంటికి పోయి చూసి వచ్చాను. పసిదాన్ని ఒళ్ళో వేసుకుని సుంకులు కబుర్లు చెబుతోంది. నేను ఒక మూల కూర్చున్నాను. బజ్జీలు పెట్టారు. తిన్నాను. దారిలో తిరిగి వస్తుంటే తట్టింది. నేనున్నంతసేపూ అది ఒక్కసారి కూడా దగ్గలేదు.

పున్నమి, శుక్రవారం

సుంకులు వచ్చింది. నిగనిగలాడుతూ వచ్చింది. దీపాల వేళకి దగ్గు మొదలైంది.

"చూసినావా," అంది, "అక్కడ బాగుంటి. ఇక్కడికి రాంగనే పట్టుకుండె. నీ మొగం చూసే దగ్గు వచ్చాండాది."

నేను గోడ వైపు చూశాను.

బహుళ పాడ్యమి, శనివారం

చెంబు పొర్లింది. దగ్గు పొర్లింది. ఇంకేమీ రాయలేను.

బహుళ విదియ, ఆదివారం

ఈ రోజు తప్పు పని చేశాను. ఉన్నదున్నట్టు రాస్తాను.

సుంకులు పొయ్యి దగ్గర ఉంది. నేను గోడ దగ్గర కూర్చుని చీరల అంచు ఎత్తాను. మొదటిది కొత్తది. దాని కిందిది మెత్తగా తడిగా ఉంది. దాని కిందిది చేతికి జిగటగా తగిలింది. ఇంకా కింద చీరేదో గోడేదో తెలియలేదు. అంతా నలుపు. నల్ల బూజు. అక్కడక్కడా పచ్చగా, మొలకెత్తినట్టు. పాత గోనెలో కుళ్ళిన ఉల్లిగడ్డల వాసన.

నాకు మతి పోయింది. మూలన కొబ్బరి పీచు బ్రష్షు ఉంటే తీసుకుని గబగబా గోకాను. నల్లటి పొడి లేచింది. దీపం వెలుగులో పొగలా తిరిగింది.

పొయ్యి దగ్గర సుంకులు ఒక్క దగ్గు దగ్గింది. తరువాత దగ్గు కూడా రాలేదు. నోరు తెరిచి ఉంది, గాలి లోపలికి పోవడం లేదు. పెదాలు నీలంగా అయ్యాయి. నా వైపు చెయ్యి చాపింది.

దాన్ని ఎత్తుకుని నడవలోకి పరిగెత్తాను. ఈ వయసులో ఎలా ఎత్తానో తెలియదు. పెద్ద ఫ్యాను కింద కూర్చోబెట్టాను. "డాక్టరమ్మా" అని అరిచాను. వరసంతా బయటికి వచ్చింది. నా గొంతు వాళ్ళు ఎప్పుడూ విని ఉండరు.

ఖైరూన్ డాక్టరమ్మ మందు పీల్పించింది. గాలి ఆడింది.

బహుళ తదియ, సోమవారం

మనుషులు: సుంకులు ఈరమ్మ ఇంట్లో ఉంది. నెమ్మదిగా ఉంది.

ఖైరూన్ డాక్టరమ్మ మా ఇంటికి వచ్చింది. ముక్కుకు మాస్కు వేసుకుని, అంచు కొంచెం ఎత్తి చూసి, మెల్లగా దించేసింది. నన్ను నడవలోకి పిలిచింది.

"పెద్దాయనా, దీన్ని పొడిగా గోకినావా?"

తల ఊపాను.

"ఇంకెప్పుడూ గోకొద్దు. పొడిగా కదిపితే అది కంటికి కనపడని దుమ్మయి ఇల్లంతా లేస్తుంది. రొమ్ములోకి పోతుంది. అందరికీ ఒకే రకంగా ఉండదు. కొందరికి ఏమీ కాదు. నీకు కళ్ళు నీళ్ళు కారి సరిపోయింది. ఊపిరి మెత్తని వాళ్ళకు, ముసలివాళ్ళకు, పసిపిల్లలకు పట్టుకుంటుంది. దగ్గు, పిల్లికూతలు, ఆయాసం."

ఎలాగో అడిగాను. "అంటుదగ్గా?"

"ఇప్పుడే ఒట్టేసి చెప్పలేను. కానీ అంటుదగ్గయితే చెల్లెలింటికి పోతే తగ్గదు, ఇంటికొస్తే తిరగబెట్టదు. బూజు దగ్గు మనిషినించి మనిషికి అంటదు." మాస్కు విప్పి మడిచింది. "అమావాస్యకు నేను చెవికి విన్నదే రాస్తా. దగ్గు ఉంటే ఉందనే రాయాలి. నా చేతిలో అంతే ఉంది. అంతలోపల గోడ బాగుచెయ్యి."

తులశమ్మ తన గుమ్మంలోంచే అరిచింది. "బ్లీచింగు పౌడరూ, దొడ్డి కడిగే ఆసిడూ కలిపి చల్లితే ఒక్క దెబ్బకు పోతాదమ్మా!"

"ఆ పని చేసేవు!" అంది డాక్టరమ్మ. "ఆ రెండూ కలిస్తే వచ్చే పొగ ఇంత చిన్న ఇంట్లో మనిషిని పడేస్తుంది. ఏదీ దేంట్లోనూ కలపొద్దు. సబ్బునీళ్ళు చాలు."

సున్నం కొడితే సరిపోదా అని అడిగాను. సున్నం కింద అది బతికే ఉంటుందంది. చచ్చినా దాని దుమ్ము దుమ్మేనట, కడిగి తీసేయాల్సిందేనట. తీసినా తడి ఎక్కడినుంచి వస్తోందో ఆపకపోతే మళ్ళీ వస్తుందట.

తడి ఎక్కడినుంచి వస్తోందో నాకు తెలుసు. గంగమ్మ దగ్గరినుంచి. దాన్ని ఎవరు ఆపుతారు?

బహుళ చవితి, మంగళవారం

గోడ కడగాలంటే వరసపెద్ద ఒప్పుకోవాలి. గోడ మాదే కానీ గంగమ్మ అందరిది. మా వరసకూ పై వరసకూ కలిపి పెద్ద కంబగిరి. మా నెత్తిమీదే, పై వరసలో ఉంటాడు. మంచివాడే. గొంతు పెద్దది.

నడవలో అందరూ కూర్చున్నారు. సుంకులు కూడా వచ్చి ఈరమ్మ పక్కన కూర్చుంది. నేను స్తంభం వెనక.

డాక్టరమ్మ చెప్పాల్సింది చెప్పింది. కంబగిరి మీసం సవరించుకున్నాడు.

"అమ్మా, నువ్వు సదువుకున్నదానివి, కాదనను. కానీ ఆ గోడ నీళ్ళు నోట్లో పోసుకోకుండా ఈ వరసలో ఒక్క బిడ్డ పెరగలా. రేపు గంగమ్మ ఎండిపోతే జనానికి ఎవరు జవాబు చెప్పాల? గాలి కిటికీ తెరిస్తే అమ్మ పోతాది. అంతే."

"బూజు పట్టిన చీరలు కట్టుకోని ఉండమని అమ్మ అడిగిందా?" అంది డాక్టరమ్మ.

జనం గుసగుసలు పెట్టారు. అప్పుడు సుంకులు లేచింది. నాకు అనుకూలంగా మాట్లాడుతుందనుకున్నాను.

"నా వల్ల అమ్మ పోయిందనిపించుకోను," అంది. "గోడ జోలికి పోవద్దండి. మెరకకే పోతా. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళుంటా." దగ్గు వచ్చింది. కూర్చుంది.

అందరూ తలలు దించుకున్నారు. కంబగిరి కూడా.

నేను స్తంభం వెనకనుంచి బయటికి వచ్చాను. ఎందుకొచ్చానో తెలియదు. కాళ్ళు వచ్చాయి. అందరూ నా వైపు చూశారు. చెవులు కాలిపోయాయి. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి, నోటికి వచ్చింది ఇంతే:

"నాకు గోడ వద్దు. సుంకులు కావాల."

సుంకులు మొహం మీదికి కొంగు లాక్కుంది. తులశమ్మ ఫక్కున నవ్వి, మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

కంబగిరి గొంతు సవరించుకున్నాడు. "సరేలేప్పా. కడుగు. ఎండిపోతే మాత్రం నీ పేరే చెప్తాం."

చెప్పుకోనీ.

బహుళ పంచమి, బుధవారం

గోడ: కడిగాను.

ఎలా కడిగానో వివరంగా రాస్తాను. ఇంకొకరికి పనికొస్తుంది.

సామాన్లు ముందే నడవలో పెట్టాను. డాక్టరమ్మ బిగువు మాస్కు ఇచ్చింది. మామూలు గుడ్డ కట్టుకుంటే ఆ దుమ్ము ఆగదట. చేతులకు మోచేతి దాకా రబ్బరు తొడుగులు, కళ్ళకు చుట్టూ మూసుకుపోయే అద్దాలు, నిండు చేతుల చొక్కా. ఈ వేషంలో బయటికి వస్తే తులశమ్మ మనవరాలు ఏడ్చింది.

గాలి కిటికీ బొంత విప్పాను. దాని వెనకా నలుపే. నడవ వైపు తలుపు మూసి కిందంతా తడిగుడ్డ కుక్కాను, దుమ్ము ఇంకొకరి ఇంట్లోకి పోకుండా. కిటికీలో చిన్న ఫ్యాను పెట్టాను, గాలిని బయటి గొట్టంలోకి తోసేటట్టు. లోపలికి తిప్పితే ఇంట్లోనే చిమ్ముతుందట. డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.

తరువాత చీరలు. ముందు చిమ్మే సీసాతో సబ్బునీళ్ళు చల్లి తడిపాను. తడిస్తే లేవదు. పైనుంచి మెల్లగా లోపలి వైపు చుట్టుకుంటూ దించాను. దులపలేదు. పైవి రెండు మూడు గట్టిగానే ఉన్నాయి, వాటిని వేరే సంచిలో పెట్టాను. వేడినీళ్ళలో ఉడకబెట్టి పైన ఎండలో వేస్తే బాగుపడతాయట. మన ఎండకు ఏది బతుకుతుంది! కిందివి చేతిలోనే ముక్కలైపోయాయి. అట్టడుగున ఒక నీలం అంచు కనిపించింది. మొదటి ఏడు సుంకులు తన పెట్టెలోంచి తీసి కట్టినది. చూస్తూ కాసేపు నిలబడ్డాను. అంచు కూడా రాలిపోయింది. సంచిలో వేసి మూతి బిగించి కట్టాను.

గోడ నలుపు నా రెండు చేతులూ చాపినంత ఉంది. ఇంకా పెద్దదైతే ఒక్కడు చేయకూడదట, మనుషుల్ని పిలవాలట. సబ్బునీళ్ళు, బ్రష్షు. కింద నుంచి పైకి కాకుండా పైనుంచి కిందికి. తుడిచిన గుడ్డ మళ్ళీ ముంచకుండా పారేశాను. ఇంకోసారి కడిగాను. నాపరాయి రంగు బయటపడింది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నా ఆ గోడ ఏ రంగో నాకు తెలియదు. లేత ఊదా.

బయటికి వచ్చి గుమ్మంలోనే బట్టలు విప్పి సంచిలో కట్టేశాను. డాక్టరమ్మ నాకు వారం మధ్యలో ఒక స్నానం రాసిచ్చింది. నడవ చివర స్నానాల గదిలో తల మీద నీళ్ళు పడుతుంటే ఎందుకో ఏడుపొచ్చింది. నీళ్ళలో తెలియలేదు.

బహుళ సప్తమి, శుక్రవారం

గోడ: ఆరుతోంది. పై మూల మాత్రం ఆరలేదు. అక్కడినుంచి సన్నగా ఒక తడి చార కిందికి ఉంది.
గాలి: తేలిక. కిటికీ తెరిచే ఉంచాను.
మనుషులు: సుంకులు ఇంకా ఈరమ్మ ఇంట్లోనే ఉంది. దగ్గు తగ్గుతోందని కబురు.

ఆడవాళ్ళు ఇద్దరు వచ్చి గుమ్మంలోంచి గోడను చూసి దండం పెట్టి పోయారు, పీనుగును చూసినట్టు.

బహుళ అష్టమి, శనివారం

గోడ: రాస్తాను ఆగండి.

పొద్దున ఇంట్లో కూర్చుని వట్టి గోడను చూస్తున్నాను. పై మూలలో బొట్టు కట్టింది. ఇంకో బొట్టు. చార లావైంది. ధారగా దిగింది. గంగమ్మ తిరిగి వచ్చిందనుకుని లేచి నిలబడి దండం పెట్టాను. నిజం.

ధారలో నురగ కనిపించింది.

వేలు పెట్టి వాసన చూశాను. కుంకుడుకాయ.

తల ఎత్తి పై కప్పు వైపు చూశాను. పైనుంచి కంబగిరి పాట సన్నగా వినిపిస్తోంది. శనివారం అతనికి తలంటు. పాట ఆగింది. కాసేపటికి ధారా ఆగింది.

డాక్టరమ్మను పిలిచాను. ఆవిడ వాసన చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరం పై వరసకు పోయాం. కంబగిరి తల తుడుచుకుంటున్నాడు. వరసపెద్ద కాబట్టి అతని ఇంట్లోనే స్నానం గది ఉంది. అందులో మూల రాయి ఎత్తించాం. వాడిన నీళ్ళు పోయే పైపు అతుకు విడిపోయి ఉంది. సగం నీళ్ళు పైపులోకి, సగం మా గోడలోకి.

"ఈ రాయి కింద నేను ఎప్పుడూ చూడనే లేదబ్బా," అన్నాడు కంబగిరి.

అతని మొహం మెల్లమెల్లగా మారడం చూశాను. వరసలో ఎవరెవరికి ఎన్ని చెంచాలు పోశారో లెక్క పెట్టుకుంటున్నట్టుంది. కొడుకు పెళ్ళికి తానే ఒక లోటాడు తాగాడు.

"మద్దిలేటీ," అన్నాడు చివరికి. మద్దిలేటి నా పేరు. "ఈ సంగతి వరసలో..."

నేను చెప్పనని తల ఊపాను. చెప్పడం నాకు చేతనైతే కదా.

అతుకుకు రబ్బరు పట్టీ చుట్టి కట్టాం. కొత్త అతుకు పెద్ద ఊరి నుంచి రావాలి. అప్పటిదాకా ఆ గదిలో చుక్క పోయకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నడవ చివర గదిలో చేస్తానని కంబగిరి ఒట్టేశాడు.

తులశమ్మకు ఎవరు చెప్పారో తెలియదు. దీపాల వేళకి రెండు వరసలకూ తెలిసిపోయింది.

బహుళ ఏకాదశి, మంగళవారం

గోడ: పొడి. చేత్తో రుద్దితే పొడి.
గాలి: తేలిక.
మనుషులు: ఇద్దరం.

సుంకులు వచ్చింది. గోడ ముందు నిలబడింది. నాకు భయం వేసింది.

"ఇన్నేండ్లూ," అంది, "కంబగిరి తలంటి పోసుకున్న నీళ్ళు నా చేత్తో... కళ్ళకద్దుకోమని మరీ..."

ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. కూలబడి నవ్వింది. నవ్వితే దగ్గు వస్తుందని చూశాను. కొంచెం వచ్చింది. నీళ్ళు తాగింది, పోయింది.

తరువాత మెల్లగా, "నీలం అంచుదీ పోయిందా?" అని అడిగింది.

"పోయింది."

"పోనీలే." పొయ్యి వైపు తిరిగి, "స్తంభం వెనకనుంచి వచ్చి అందరి ముందరా అట్లా అనొచ్చా? ఈరమ్మ వాళ్ళ వరసలో ఇంకా నవ్వుతాండారు," అంది.

ఆ రోజు నాకు రెండు గరిటెలు ఎక్కువ వడ్డించింది.

బహుళ త్రయోదశి, గురువారం

గోడ: పొడి.
గాలి: మంచిది.
మనుషులు: సుంకులు పడుకుని నిద్రపోయింది. కూర్చుని కాదు, పడుకుని.

అమావాస్య, శనివారం

పొద్దునే డాక్టరమ్మ వచ్చింది. నేను బయటికి పోయాను. నిలబడలేక మళ్ళీ లోపలికి వచ్చాను. గొట్టం చెవులకు పెట్టుకుని సుంకులు వీపు మీద ఒక్కోచోటా ఆనించింది. "గట్టిగా పీల్చు. వదులు. ఇంకోసారి." ఊళ్ళో ఫ్యాన్లన్నీ ఆగిపోయినట్టనిపించింది నాకు.

"రొమ్ము తేటగా ఉంది," అంది డాక్టరమ్మ. "మెరక లేదు."

సుంకులు చీర సర్దుకుంటూ, "విన్నావా?" అంది నాతో. నేను విన్నాను. అక్కడే నేల మీద కూర్చున్నాను. డాక్టరమ్మ నాకే మంచినీళ్ళు ఇచ్చి పోయింది.

మధ్యాహ్నం అన్నం తింటున్నాం. సుంకులు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయింది. గోడ పై మూల చూస్తోంది. నేనూ చూశాను. రూపాయి బిళ్ళంత తడి.

ఈ రోజు శనివారం.

చెయ్యి కూడా కడుక్కోలేదు. లేచింది. కొంగు నడుముకు చుట్టింది. మెట్లెక్కింది. రెండు వరసల మధ్య మెట్లు నిటారుగా ఉంటాయి. మొన్నటిదాకా నాలుగు మెట్లకు ఒకసారి ఆగేది. నేను వెనకే పోయాను, అందుకోలేకపోయాను.

నేను సగం ఎక్కేసరికి మొదలైంది.

"ఏమయ్యా కంబగిరీ, వరసపెద్దవా నువ్వు, ఒట్టేసిన నోరు ఆరకముందే అదే గదిలో కూర్చోని తలంటి పోసుకుంటాండావే, నీ కుంకుడు నురగ ఇన్నేండ్లూ మా నెత్తిన పోసింది సాలకపాయెనా, నడవ చివర గది నీకు దూరమాయెనా, గంగమ్మ ఎండిపోతాదని నా మొగుణ్ణి నలుగురిలో నిలబెడితివే, గంగమ్మ కాదు నువ్వు ఎండిపోవాల ముందు, మళ్ళా ఆ గోడకు బూజు పడితే ఈసారి చీరలు నీకు కట్టి మూలన నిలబెడతా, పసుపు పూసి మరీ నిలబెడతా..."

ఎక్కడా ఆగలేదు. నడవలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. కింద తులశమ్మ కూడా మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నేను మెట్టు మీద కూర్చుని విన్నాను. దగ్గు కోసం విన్నాను. రాలేదు.

కంబగిరి తుండుగుడ్డతో బయటికి వచ్చాడు. తలనిండా నురగ. ఒక కన్ను మూసుకున్నాడు.

"తప్పే. నా తప్పే. అతుకు రేపు వస్తాందంటే, ఒక్కసారికేమని..." సుంకులు వినడం లేదు. అతను నన్ను చూశాడు. "మద్దిలేటీ, నీకు దండం పెడతా. మీ ఆవిడకు దగ్గు తగ్గిందని ఊరంతా ఒప్పుకుంటాం. ఇంక సాలని నువ్వన్నా చెప్పప్పా."

నేను చెప్పలేదు.